బోల్టుల పిన్ని తిప్పిన కిటికీ

మా పిన్నిని ఊరంతా బోల్టుల పిన్ని అంటారు. వడ్రంగం ఆమె పని. ఆమె కట్టిన చెక్క ఇంట్లో వెతికినా మేకు కనబడదు. గోడకీ గోడకీ మధ్య అన్నీ బోల్టులే. సముద్రం ఏటా ఒడ్డును కోసుకుంటూ వస్తుంటే మావాళ్ళు నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చోరు. ముందు వరస ఇళ్ళు విప్పి, బండ్ల మీద వేసుకుని, వెనకున్న మెరక మీద మళ్ళీ బిగించుకుంటారు. అలా ముందు వరస కాస్తా వెనక వరస అవుతుంది. ఈ పద్ధతి నేర్పింది పిన్నే. అందుకే ఆమెకి కాస్త గర్వం కూడానూ. ఉండనివ్వండి, ఉండదగ్గదే.

ఆ ఏడు తుఫాను కబురు వచ్చేసరికి నీళ్ళు పిన్ని ఇంటి మెట్లు మింగేశాయి. పక్కిల్లు అప్పటికే మెరకెక్కింది. మిగిలింది పిన్ని ఇల్లొక్కటే. అందులో మంచం దిగనని భీష్మించుకు కూర్చున్న ఆమె అత్తగారు.

"అత్తయ్యా, రేపటికి ఈ గది ఉండదు. ఇల్లు మొత్తం తెస్తున్నాగా, తలుపు గడియతో సహా! ఇంకేం కావాలి మీకు?" అంది పిన్ని.

"నీ ఇల్లెవరిక్కావాలే? అక్కడ నా కిటికీ తెరిస్తే ఏం కనిపిస్తుంది?"

"పక్కింటి గోడ."

"మరి ఇక్కడ?"

ఇక్కడ ఎదురుగా పక్కింటి పెద్దమ్మ కిటికీ ఉండేది. ముసలాళ్ళిద్దరూ పొద్దస్తమానం అందులోంచే పోట్లాడుకునేవారు. ఉప్పుగాలి కొట్టకూడదని కొత్త వరసలో కిటికీలన్నీ ఒకే వైపు పెట్టింది పిన్ని. అందరూ మెచ్చుకున్నారు. గాలినీ నీటినీ ఆలోచించిన మనిషి ఆ ఇద్దరి నోళ్ళని మర్చిపోయింది. నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. అప్పటికే గచ్చు కింద ఇసుక జారుతోంది.

పిన్ని పానా తీసుకుని మెరక మీదికి నడిచింది. పక్కింటి గోడ బోల్టులు ఊడదీస్తుంటే పెద్దమ్మ లబోదిబోమంది.

"నిన్ననేగదే బిగించావ్! మతి పోయిందా?"

"మీ కిటికీ మా ఇంటివైపు తిప్పుతున్నా పెద్దమ్మా. లేకపోతే మా అత్తగారు రానంటున్నారు."

పెద్దమ్మ ఇంకో మాట అనకుండా వచ్చి గోడకి రెండో పక్క పట్టుకుంది.

కబురు వినగానే అత్తగారు మంచం దిగి తనంత తానే నడిచి వచ్చేసింది. వెనకాలే మేం ఇల్లు విప్పుకుని తెచ్చాం. సాయంత్రానికి బిగించేశాం. కిటికీ తెరిచీ తెరవగానే, "ఏమే, నన్నొదిలేసి వచ్చేస్తావా?" అని అరిచింది అత్తగారు. అవతల పెద్దమ్మ కళ్ళొత్తుకుంటూ, "వస్తావని తెలుసే, మొండిదానా" అంది.

మర్నాడు సముద్రం పాత గచ్చును పెకలించుకుపోయింది. చూడ్డానికి ఊరంతా వెళ్ళింది. వాళ్ళిద్దరు మాత్రం వెళ్ళలేదు. ముందు రోజు మొదలైన పోట్లాట ఇంకా తెమల్లేదు.