మొహం తిప్పుకొని పెట్టిన బెల్టు

ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. ప్రార్థనలో మోకాళ్ళ మీద ఉన్నప్పుడు కూడా ఆ సంగతి దగ్గరికి వచ్చేసరికి వేరే పాపాలేవో ఏకరువు పెట్టి లేచిపోయేవాణ్ణి. అలసిపోయాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

మెదక్‌లో ఒక తెల్ల దొరసానమ్మ దగ్గర కారు నడిపేవాణ్ణి. సముద్రం దాటి వచ్చిన కారు అది. ముందు సీట్లకు నడుముకు పెట్టుకునే బెల్టులుండేవి. అప్పట్లో మా ఊళ్ళో అలాంటివి ఎవరూ చూసి ఎరగరు. ముందు కూర్చున్నవాళ్ళు బెల్టు పెట్టుకోనిదే కారు కదలకూడదని ఆమె కట్టడి. కడుపుతో ఉన్న ఆడవాళ్ళకైతే పొట్ట మీద పెట్టవద్దని, పొట్ట కిందికి, తుంటి ఎముకల మీదికి దించి పెట్టాలని, తాను పెట్టుకొని మరీ చూపించింది. అర్థమైందా అని అడిగింది. అర్థమైందన్నాను. నిజంగానే అర్థమైంది.

నా తమ్ముడి భార్యకు తొలిచూలు. ఏడో నెల దాటాక శంకరంపేటలో పుట్టింటికి దింపి రావాలి. తమ్ముడికి బడిలో సెలవు దొరకలేదు. దొరసానమ్మ కారు తీసుకుపొమ్మంది. తోడుగా వచ్చిన మా అమ్మ వెనక కూర్చుంది. వెనక అయితే వాంతులవుతాయని ఆమెను ముందు కూర్చోబెట్టిందీ అమ్మే.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. తమ్ముడి భార్య బావ ఎదుట నిలబడదు, మాట్లాడదు. బావ ఆమె మొహం కేసి చూడడు, చెయ్యి తగలనివ్వడు. చర్చికి వెళ్ళే ఇల్లే అయినా అది పోలేదు. అలాంటి మనిషి నా పక్కన కొంగు మొహం మీదికి లాక్కొని, తలుపుకు ఒదిగి కూర్చుంది. పొట్ట కిందికి అని నేను నోటితో చెప్పాలి. నోరు రాలేదు. అమ్మతో చెప్పించవచ్చు కదా? చెప్పించవచ్చు. అమ్మ ముందు ఆ మాట అనడానికీ సిగ్గే. మొహం కిటికీ వైపు తిప్పుకొని, చెయ్యి చాచి, ఎక్కడా తగలకుండా చూసుకోవడమే పనిగా బెల్టు బిగించేశాను. పొట్ట మీదే పడింది. చూడకపోయినా నాకు తెలుసు. మర్యాద నిలబెట్టుకున్నాననుకున్నాను.

ఊరు దాటి కొంత దూరం పోయాక చెట్ల చాటు నుంచి బర్రె ఒకటి రోడ్డు మీదికి వచ్చింది. బ్రేకు తొక్కాను. కారు పక్కకు జారి కల్వర్టు గోడను గుద్దుకుంది. ఆమె ఒంటి మీద గీత పడలేదు. బెల్టే కాపాడిందని అమ్మ దేవునికి స్తోత్రం చెప్పింది. కానీ ఆమె రెండు చేతులతో పొట్ట పట్టుకొని వంగిపోయింది. అటుగా వచ్చిన బస్సులో మెదక్ దవాఖానకు తీసుకొచ్చాం.

డాక్టరమ్మ లోపల చూసి బయటికొచ్చి నన్ను అడిగింది.

"బెల్టు ఏడ పెట్టిండ్రు? కడుపు మీదనా, కిందనా?"

"కిందనే పెట్టినమమ్మా. దొరసానమ్మ చెప్పినట్టే."

"మంచిగ యాది చేసుకో. మీద ఉంటే లోపల దెబ్బ తగిలి ఉంటది."

"కిందనే."

ఎందుకన్నాను? నౌకరీ పోతుందనా? తమ్ముడికి ఏం చెప్పాలనా? లేక, చెప్పినట్టు చెయ్యని డ్రైవరుననిపించుకోవడం ఇష్టం లేకనా? ఎన్నిసార్లు తవ్వుకున్నా ఇదీ అని ఒక్కటి తేలదు, అన్నీ కలిసే ఉన్నాయి, వాటిలో ఆమె కోసం అన్నది మాత్రం ఒక్కటీ లేదు.

అయితే భయం లేదు, పొద్దున దాకా కనిపెట్టి చూద్దామంది డాక్టరమ్మ. తెల్లారేసరికి ఆమె పొట్టకు అడ్డంగా కమిలిన చార తేలింది, బెల్టంత వెడల్పున. నాడి సరిగా అందడం లేదు. కోసి చూస్తే గర్భసంచి చిట్లి ఉంది. బిడ్డ పోయాడు. సంచి తీసేస్తే గాని తల్లి దక్కలేదు. ముందు రోజే కోసి ఉంటే? ఆ మాట డాక్టరమ్మను అడిగే ధైర్యం నాకు ఏనాడూ రాలేదు.

కింద పెట్టిన బెల్టు మీదికెలా వచ్చింది? జవాబు అమ్మే కట్టింది. ఒత్తుకుంటోందని ఆమే జరుపుకొని ఉంటుందట. మంచం దగ్గర నిలబడి, "కిందున్నదాన్ని మీదికెందుకు జరిపినవే?" అని అడిగింది. నేను గుమ్మం దగ్గర ఉన్నాను. ఆమె నన్ను చూసింది. కొంగు మొహం మీదికి లాక్కుంది. బావ మీద మాట చెప్పే అలవాటు మా ఇంటి కోడళ్ళకు లేదు. ఊరకుంటే ఔనన్నట్టే లెక్క కట్టారు అందరూ. నేనూ ఊరకున్నాను. నన్నెవరూ ఏ లెక్కా కట్టలేదు.

అమ్మ పోయేదాకా ఆ మాటతో ఆమెను పొడుస్తూనే ఉంది. తమ్ముడు కొట్టలేదు, వదిలెయ్యలేదు. ఆమెతో మాట్లాడడం తగ్గించాడు. మొన్న వాళ్ళింటికి వెళ్తే ఆమె పక్కింటి పిల్లను ఎత్తుకొని ఉంది. చేజేతులా పోగొట్టుకుందని తమ్ముడు నాతో అన్నాడు, ఆమె వినేటట్టే. ఆమె పిల్లను దింపింది. నాకు మంచినీళ్ళ చెంబు గడప దగ్గర పెట్టి, ఎప్పటిలాగే కొంగు లాక్కొని లోపలికి పోయింది. ఆ నీళ్ళు తాగాను. తాగి ఇంటికొచ్చాను.

బెల్టు పెట్టింది నేను. పొట్ట మీద పెట్టింది నేను. కిందనే అన్నది నేను. రాశాక గుండె కాస్త తేలికపడింది, అంతే. ఆమెకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, మొదటి నుంచీ ఆమెకు తెలుసు. తెలియంది తమ్ముడికి. వాడి ఇల్లు మా వీధిలోనే, కేకేస్తే పలికేంత దూరంలో.