అమ్మమ్మ అనుమానం

మా అమ్మమ్మ పోయిన ఆదివారం ములకలపల్లిలో కన్నుమూసింది. ఫోన్‌లో కబురు చెప్పిన చెల్లి, ఏడుపు మధ్య, "అక్కా, అమ్మమ్మ లేదే" అని మాత్రమే అనగలిగింది.

ఆ చెల్లి మా పెద్దమ్మ కూతురు. పెద్దమ్మ, పెదనాన్న ఇథియోపియాలో టీచర్లుగా పనిచేసేవారు. పిల్లలు లేరు. ఎనభైలలో ఉద్యోగాలు మాని వచ్చేస్తూ, అక్కడి పాపను పెంచుకున్నామని, వెంట తెస్తున్నామని చెప్పి పంపారు. అప్పుడు నేను అమ్మమ్మ దగ్గరే ఉండి చదువుకుంటున్నాను.

తాతయ్య వెంటనే చిన్న మంచానికి నులక అల్లడం మొదలుపెట్టాడు. అమ్మమ్మ ముఖం మాత్రం విప్పారలేదు.

"ఎవల పిల్లనో ఎందుకు తెస్తరు? అల్లుడే ఏదో చేసిండు. మన బిడ్డ కడుపుల పెట్టుకొని ఊకుంటుంది."

"గట్లనకే. పసిపిల్ల."

"పిల్లనేమన్న అన్ననా? చూసినంక తెలుస్తది."

గొణుక్కుంటూనే పాత చీరలతో బొంత కుట్టింది. మెత్తగా ఉందో లేదోనని నన్ను పడుకోబెట్టి చూసింది. ఏ రోగముందోనని పాపకు కంచం, గ్లాసు మాత్రం వేరుగా పెట్టింది.

వాళ్ళు బస్సు దిగగానే, నిద్రపోతున్న పాప ముఖంలో అల్లుడి ముక్కు, చెవులు వెతికింది. దొరకలేదు. అయినా వంటింట్లో పెద్దమ్మను నిలదీసింది.

"వాళ్ళమ్మ మా బడిల వండేదమ్మా. జరమొచ్చి పోయింది. పిల్ల కోసం ఎవరన్న వస్తరేమోనని చానా దినాలు చూసినం. ఎవ్వరూ రాలే."

"నిజమేనా?"

"నీ మీద ఒట్టు."



తర్వాత డబ్బాలో సకినాలు తగ్గుతూ వచ్చాయి. అమ్మమ్మ పాపను ఓ కంట కనిపెట్టింది. చివరికి బొంత కింద సకినాలు, ఎండిపోయిన అన్నం ముద్దలు దొరికాయి. తిడుతుందనుకున్నాను. ముద్దను చేతిలోకి తీసుకుంది.

"రేపు దొరుకుతదో లేదో అని దాసుకుంది."

ఆ పూట తన కంచంలోనే అన్నం కలిపి పాపకు తినిపించింది. డబ్బాను పాపకు తేలిగ్గా అందేలా కింద పెట్టింది, ఎన్నడూ ఖాళీ కానివ్వలేదు. తాను పొరబడ్డానని ఎవరితోనూ అనలేదు గానీ, పెరుగు మీది మీగడంతా అల్లుడి కంచంలోకే పోయేది.

అనుమానం మాత్రం ఆమెను వదల్లేదు. ఊళ్ళోకి కొత్తవాళ్ళెవరొచ్చినా పిల్లను తీసుకుపోవడానికే వచ్చారనుకునేది. ఓసారి ఫారెస్టు జీపు మా గేటు ముందు ఆగి, ఒకాయన మంచినీళ్ళు అడిగాడు. అమ్మమ్మ ఒక చేత్తో చెంబు అందించింది. రెండో చేత్తో పాపను వెనక్కి, తన చీర చాటుకి నెట్టి పట్టుకుంది. జీపు అడవి దారిలో కనుమరుగై, చప్పుడు వినపడకుండా పోయినా, ఆ చెయ్యి వదలలేదు.