ఎడమ చేతి ఎముక

ఇస్త్రీ కొట్టు నడుపుకునే ఆ అక్క, తల్లి పోయాక తమ్ముణ్ణి తనే పెంచి పెళ్లి చేసింది. పనికని వెళ్లిన తమ్ముడు తిరిగి రాక రెండేళ్లు కావొస్తుండగా, పోలీసులు ఆమెనూ మరదలినీ ఆసుపత్రికి పిలిపించారు. ఎక్కడో పునాదులు తవ్వుతుంటే ఎముకలు బయటపడ్డాయట.

"తుంటి ఎముకను బట్టి మగమనిషే. తొడ ఎముకను బట్టి ఎత్తు కూడా ఇంచుమించు మీవాడంతే," అంది డాక్టరమ్మ. "ఎప్పుడైనా ఎముక విరిగిందా అమ్మా?"

అక్కకు వెంటనే గుర్తొచ్చింది. పదో తరగతిలో తమ్ముడు గోడ దూకబోయి ఎడమ చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. బాగానే అతుక్కుంది, పైకి తెలిసేది కాదు. మరదలికి ఆ సంగతి తెలియదు.

"లేదండీ. వాడికెప్పుడూ ఏం కాలేదు," అంది అక్క.

డాక్టరమ్మ దూదిపుల్లతో అక్క బుగ్గ లోపల రుద్ది తీసుకుంది. "ఒక తల్లి బిడ్డలైతే దీంట్లో తెలుస్తుంది. కాకపోతే ఇతని చేతికి పాత దెబ్బ ఉంది. అందుకని ముందు మనుషులు తప్పిపోయిన వేరే కుటుంబాలవి పరీక్షిస్తాం. మీది ఆలస్యమవుతుంది."

"అంటే ఆయన కాదన్నమాట, వదినా!" బస్సులో మరదలు ఏడుస్తూనే నవ్వింది. అక్కకు ఆమె మొహంలోకి చూసే ధైర్యం లేకపోయింది.

ఆ వారం అక్క ఎవరిదో తెల్లచొక్కా మాడ్చేసింది. మరదలేమో, ఆయనొచ్చేసరికి ఇంటికి సున్నం వేయించాలంటూ మనిషిని మాట్లాడుకొచ్చింది. ఇక అక్క వల్ల కాలేదు.

"ఆగమ్మా. చిన్నప్పుడు వాడి చెయ్యి విరిగింది. నోరు తెరిచి చెప్తే వాణ్ణి నేనే చంపుకున్నట్టవుతుందనిపించింది."

మరదలు వెళ్లి, సున్నం వేసే మనిషిని రావద్దని చెప్పొచ్చింది. "తెలిసీ బస్సులో నన్ను నవ్వనిచ్చారు వదినా," అంది.

ఇద్దరూ మళ్లీ ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి, ఎడమ ముంజేతి ఎముక మీద అతుకు చూపించింది. తర్వాత అక్క నమూనా కూడా సరిపోయింది. తమ్ముణ్ణి ఇద్దరూ కలిసే సాగనంపారు గానీ, శ్మశానం నుంచి మరదలు అక్క కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు ఒక ఉదయం మరదలు ఇస్త్రీ కొట్టుకొచ్చింది. ఇస్త్రీకొచ్చిన మూట విప్పి, బట్టలు ఒక్కొక్కటీ దులిపి అక్క చేతికి అందించసాగింది.