కొత్తల్లుడితో కయాక్ యాత్ర

ఆ రోజుల్లో, అంటే మరీ పూర్వం కాదు, చేతికి స్మార్ట్ ఫోన్ వచ్చిన తరవాతే, ఎవరి సాయమూ లేకుండా రెండు రోజులు బతికి చూపించాలనే పిచ్చి ఒకటి నాకు పట్టుకుంది. అప్పుడు వనపర్తిలో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ణి. పిల్లలు ఇళ్లకు పోయాక అక్కడే కూర్చుని, ఎక్కడో చలిదేశాల వాళ్లు సన్నటి పడవల్లో గుడారం, పొయ్యి, తిండి అన్నీ నింపుకుని సముద్రం మీద వెళ్లే వీడియోలు చూసేవాణ్ణి. చివరికి హైదరాబాద్‌లో ఎవరో వాడి వదిలేసిన అలాంటి పడవే, రెండు సీట్ల సీ కయాక్, కొన్నాను. (మా జిల్లాలో సముద్రం లేని మాట నిజమే. దసరా నాటికి సోమశిల దగ్గర కృష్ణ నిండుగా ఉంటుంది, నాకది చాలు.) నీళ్ల వెంబడి పోవడం, రెండు రాత్రులు గట్టు మీద గుడారంలో పడుకోవడం, తిరిగి రావడం. ఇదీ పథకం.

తీరా బయలుదేరే ముందు నాతో రావలసిన స్నేహితుడు జ్వరంతో మంచమెక్కాడు. పెళ్లయ్యాక మొదటి దసరాకు అక్కతో వచ్చిన మా కొత్త బావ టీ గ్లాసు కింద పెట్టి, "నేనొస్త బామ్మర్దీ. మా అలంపూర్ తుంగభద్ర ఒడ్డుకే ఉంటది. నీళ్లు నాకు కొత్తనా?" అన్నాడు. కొత్తల్లుడు వెంట వస్తే అది యాత్ర కాదు, మర్యాదలు చేయడం.

అనుకున్నట్టే అమ్మ నా సంచిలోంచి నూడుల్స్ పొట్లాలు తీసి అవతల పడేసింది.

"అల్లునికి గివి పెడ్తవా? నలుగురు ఏమనుకుంటరు?"

"ఆడ నలుగురు ఎవరుంటరమ్మా?"

ఆమె వినలేదు. నాటుకోడి కూర క్యారియర్, జొన్నరొట్టెల మూట, సకినాల డబ్బా, రెండు దిండ్లు కయాక్ అరల్లోకి చేరాయి. బావ కింద కూర్చోకూడదని వెనక ఒక ప్లాస్టిక్ కుర్చీ కూడా తాడుతో కట్టించింది.

సోమశిల ఒడ్డున అక్క నన్ను పక్కకు పిలిచింది. "మీ బావకు నీళ్లంటే భయంరా. చిన్నప్పుడు వరదొచ్చినప్పుడు రాత్రంత మిద్దె మీద కూసున్నడంట. గప్పటి సంది ఏటి దిక్కే పోడు. ఇప్పుడు తనంతట తనే వస్తనంటుండు. జర పైలంగ తీస్కపో."

బావ ముందు సీట్లో కూర్చుని రెండు చేతులతో పడవ అంచులు పట్టుకున్నాడు. నేను తెడ్డు వేశాను. ఒడ్డు కాస్త దూరమయ్యేసరికి ఆయన మెడ మీద చెమట కనిపించింది. ఎండ ఇంకా ఎక్కలేదు.

"తిరుగుదామా బావా?"

"వద్దు," అన్నాడు, తల తిప్పకుండా. "మీ అక్క చూస్తుంది."

అంతే, మా మహాయాత్ర అక్కడికి దగ్గర్లోని మట్టిదిబ్బ చాటున ముగిసింది. ఊళ్లో మైకులో వేసే పాటలు స్పష్టంగా వినిపించేంత దూరం. ముందే తిరిగిపోతే బావ పరువు పోతుంది కాబట్టి రెండు రాత్రులూ అక్కడే ఉన్నాం. ఆయన కుర్చీలో కూర్చుని నీళ్లకేసి చూసేవాడు. నాకు మొదట కోపం, తరవాత విసుగు, ఆ తరవాత జాలి కలిగాయి. రెండో రోజు మధ్యాహ్నం బావ లేచి, లుంగీ ఎగ్గట్టి, మోకాళ్ల దాకా నీళ్లలోకి దిగాడు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. సాయంత్రం, "గా తెడ్డు ఎట్ల పడ్తరో చూపియ్యి," అన్నాడు.

మూడోరోజు పొద్దున మమ్మల్ని తీసుకుపోవడానికి అమ్మా అక్కా సోమశిల ఒడ్డుకు వచ్చేసరికి, పడవ వాళ్ల వైపు వంకరటింకరగా వస్తోంది. తెడ్డు బావ చేతిలో ఉంది. నేను వెనక ఖాళీగా కూర్చున్నాను.

"కొత్తల్లునితోని తెడ్డేపిస్తవా? సిగ్గు లేదారా నీకు?" అంది అమ్మ, పడవ ఒడ్డు తగలక ముందే.

బావ ఏదో చెప్పబోయాడు. అమ్మ దగ్గర ఆయన భయం సంగతి బయటపడటం నాకు ఇష్టం లేకపోయింది. "నా చేతులు నొస్తున్నయమ్మా," అన్నాను. అక్క మాత్రం బావ చేతుల వైపే చూస్తూ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అప్పటి నుంచీ మా చుట్టాలందరిలో నేను బావతో పడవ నడిపించుకున్న సోమరిపోతును. ప్రతి దసరాకూ అమ్మ ఆ కథ అందరికీ చెబుతుంది. రెండు రోజులు ఎవరి సాయమూ లేకుండా బతికి మగాడిననిపించుకోవాలని బయలుదేరిన ఆ కుర్రాడు వింటే ఎంత గింజుకునేవాడో అనుకుని నవ్వుకుంటాను. అమ్మ కథ చెబుతున్నంతసేపూ బావ తలెత్తడు. ఊరికే నా విస్తట్లో ఇంకో కోడిముక్క వేస్తాడు. నేనూ వద్దనకుండా తింటాను.