ఎర్ర గొర్రె

నా చిన్నప్పుడు నేను చూసిన గొర్రెలన్నీ ఎర్రవే తల్లీ, అందుకే నా బొమ్మల్లో కూడా అవి ఎర్రగానే ఉంటాయి. నిన్న ఫోన్లో అడిగావు కదా, గొర్రె అంటే తెల్లగా కదా జేజీ ఉండాలి, నువ్వెందుకు ఎర్రరంగు వేశావు అని. నేను చెప్పేలోపే బడి బస్సు వచ్చిందని మీ అమ్మ ఫోన్ తీసేసుకుంది. అందుకే ఇది రాస్తున్నాను. మీ అన్నకు కూడా చదివి వినిపించు.

మా ఊరు శిరివెళ్లకు దగ్గర. మా నాయనకు కొంచెం చేను, ఒక గొర్రెల మంద ఉండేవి. మీరు టీవీలో చూసే గొర్రెల మాదిరి మా వైపు గొర్రెలకు ఉన్ని ఉండదు. ఒంటికి అతుక్కున్న పొట్టి వెంట్రుకలు, పొడుగాటి కాళ్లు, వేలాడే చెవులు. ఆ మంద వెనకాలే నేను పెరిగాను. బొగ్గు ముక్క దొరికితే చాలు, దొడ్డి గోడ మీద ఏదో ఒకటి గీస్తూ ఉండేదాన్ని.

మా మేనత్త, అంటే మా నాయనకు అక్క, నంద్యాలలో టీచరమ్మ. ప్రతి ఆదివారం పొద్దున్నే ఆళ్లగడ్డ బస్సెక్కి మా ఊరొచ్చి, మా చిన్న చర్చిలో పిల్లలకు కథలు చెప్పేది. చెబుతూ చూపించడానికి ఆమె దగ్గర అట్టల మీద అతికించిన రంగు బొమ్మలుండేవి. ఎక్కడో చలిదేశంలో అచ్చయిన బొమ్మలు అవి. సాయంత్రం ఆ అట్టల సంచి మోసుకుంటూ అత్తను బస్సు దాకా సాగనంపే పని నాది. ఆ పని ఇంకెవరినీ చేయనిచ్చేదాన్ని కాదు.

ఆ ఏడు నాకు ఐదో తరగతి అయిపోయింది. మా ఊళ్లో అంతకు మించి బడి లేదు. నన్ను నంద్యాలలో తన దగ్గర పెట్టుకుని చదివిస్తానని, బొమ్మలు నేర్పిస్తానని అత్త అడిగింది. మంద వెనక ఒక మనిషి కావాలని నాయన అన్నాడు. అత్త ఇంకా ఏదో చెప్పబోతే, గడ్డి మోపు దించుతూనే అడిగాడు.

"బొమ్మ గొర్రె ఈనుతాదా అక్కా?"

గొర్రె ఈనితే మంద పెరుగుతుంది, ఇల్లు గడుస్తుంది. ఆయనకు తెలిసిన బతుకు అది. అత్త వాదానికి దిగలేదు. వచ్చే ఆదివారం ఒక్కసారి చర్చికొచ్చి కూర్చో, ఆ తర్వాత నీ ఇష్టం అంది. అక్క మాట తీసేయలేక నాయన సరేనన్నాడు.

ఆ ఆదివారం చెప్పాల్సింది గొర్రెపిల్ల తప్పిపోతే కాపరి వెతుక్కుంటూ పోయే కథ. నాయన కర్ర పట్టుకుని తలుపు పక్కన కూర్చున్నాడు. అత్త సంచిని గోడకు ఆనించి, బొమ్మలు నంద్యాలలోనే మర్చిపోయానని చెప్పింది. నా చేతికి బొగ్గు ముక్క ఇచ్చి, గోడ మీద గొర్రెను వేయమంది. అప్పుడే సున్నం కొట్టిన గోడ.

అట్టల మీది గొర్రె నాకు కంఠతా వచ్చు. గుండ్రటి ఒళ్లు, దాని నిండా ఉన్ని చుట్టలు, బుల్లి చెవులు. ఒక్క గీత పోకుండా దించేశాను. పిల్లలు కాసేపు తలలు వంచి చూశారు. తర్వాత ఒకడు, "ఇదేందీ, కుక్క పత్తిమూటలో పడి లేసొచ్చినట్టుండాది" అన్నాడు. చర్చి మొత్తం నవ్వింది. నాయన మాత్రం నవ్వలేదు. కర్ర ఊతంగా పైకి లేచాడు. ఆయన బయటికి పోతే నా నంద్యాల కూడా పోయినట్టేనని నాకు తెలుసు.

అత్త వచ్చి నా పక్కన వంగింది. నాకు మాత్రమే వినబడేలా అడిగింది.

"మీ ఇంట్లో ఎట్లుంటాదే?"

నేను నాయన పక్కనుంచే బయటికి ఉరికి, వాకిట్లో పడున్న ఇటుక ముక్క తెచ్చుకున్నాను. పొడుగు కాళ్లు వేశాను. వేలాడే చెవులు వేశాను. ముందు కాలు కొంచెం ఎత్తి పెట్టాను, మా మందలో ఒకటి అట్లాగే నడిచేది. దాని పిల్లను మెడ మీద వేసుకున్న కాపరిని కూడా వేశాను. తలకు రుమాలు, భుజాన గొంగడి.

ఇందాక నవ్వినవాడే ముందు కనిపెట్టాడు. "ఇది మీ కుంటి గొర్రె గదా," అని, ఇంకొంచెం చూసి, "మోస్తాండేది మీ నాయన" అన్నాడు. అందరూ తలుపు వైపు తిరిగారు.

నాయన మెల్లగా గోడ దాకా నడిచొచ్చాడు. చాలాసేపు చూశాడు. తర్వాత బొమ్మ మీద వేలు పెట్టి, "చెవి ఇంగొంచెం దించల్ల" అన్నాడు. అంతే. బడులు తెరిచే రోజున నా ట్రంకుపెట్టెను బస్సు పైకి ఎక్కించింది ఆయనే. చర్చివాళ్లు ఆ తర్వాత ఎన్ని పండగలకు సున్నం కొట్టించినా, ఆ ఎర్ర గొర్రెను వదిలేసి చుట్టూ కొట్టించారు.

నంద్యాలలో డ్రాయింగ్ పరీక్షలు పాసయ్యాను. పత్రికలకు పోస్టులో బొమ్మలు పంపేదాన్ని, తిరిగొచ్చేవి, మళ్లీ పంపేదాన్ని. చివరికి హైదరాబాదులో పిల్లల పుస్తకాలు వేసే ఒకాయన పుస్తకమంతా నాకే ఇచ్చాడు. అన్నీ నచ్చాయి, గొర్రెల్ని మాత్రం తెల్లగా మార్చమన్నాడు. నాకు గట్టిగా మాట్లాడటం అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. తెల్లగా వేసేటట్టయితే నా పేరు తీసేయండి అని మెల్లగానే చెప్పాను. పుస్తకం ఎర్ర గొర్రెలతోనే అచ్చయింది, నా పేరుతోనే అచ్చయింది.

దాన్ని ఇంటికి తీసుకుపోయిన రోజు అత్త కూడా అక్కడే ఉంది. నాయనకు చదవడం రాదు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని, గొర్రె చెవిని వేలితో తడిమి చూశాడు. నేను దాన్ని బాగా దించే వేశాను. ఆయన తలెత్తి అత్త వైపు చూసి, "ఈనిందక్కా" అన్నాడు.

అది ఈనుతూనే ఉంది. మీ అమ్మ చదువు, నేను కూర్చుని రాస్తున్న ఈ ఇల్లు, అన్నీ ఆ మందలోవే. మొన్న రుద్రవరం వైపు ఒక బడికి పిలిస్తే వెళ్లాను. ఒక చిన్నది నా పుస్తకం తెరిచి, ఈ గొర్రె మాదే అని పక్కపిల్లతో తగువు పెట్టుకుంటోంది. నాకు వచ్చిన శాలువాలన్నీ ఒక ఎత్తు, ఆ తగువు ఒక ఎత్తు. ఇప్పటికీ కొత్త కాగితం ముందు కూర్చుంటే అత్త అడిగిన మాటే నన్ను నేను అడుగుతాను. జవాబు దొరికాకే పెన్సిల్ పడతాను.

ఒక్కటి మాత్రం తేలలేదు తల్లీ. ఆ ఆదివారం సాయంత్రం బస్సు దగ్గరికి పోతున్నప్పుడు నేను చెయ్యి చాపినా అత్త సంచి ఇవ్వలేదు. తనే మోసింది, ఆ బరువుకు ఆమె భుజం ఒక పక్కకు ఒరిగింది. పెద్దయ్యాక ఎన్నోసార్లు అడిగాను. అడిగినప్పుడల్లా నవ్వి, కాఫీ పెట్టమనేది. ఇప్పుడు అడుగుదామన్నా ఆమె లేదు.

బొమ్మలు నంద్యాలలో మర్చిపోయుంటే, అత్తా, ఆ సంచిలో ఏముండింది?