అవ్వ విన్న పాలేభాజీ

నా చిన్నప్పుడు బలపం రుచి నాకు అన్నం రుచి కంటే బాగా తెలుసు. కొత్త బలపం చేతికొస్తే సగం పలక మీదికి, సగం నా కడుపులోకి పోయేది. వాన పడి గోడ తడిస్తే ఆ వాసనకు నోరూరేది. గోడకు సున్నం పెచ్చు లేచిందంటే గోటితో గీకి నాలిక మీద వేసుకునేదాన్ని. ఒంట్లో ఏదో లోటుంటేనే పిల్లలు అలా చేస్తారని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. దొంగతిండి అని అమ్మ వీపు మీద రెండు అంటించేది, అంతటితో సరి.

మేముండేది కామాటిపురాలో, పాలమూరు వైపు నుంచి కట్టుబడి పనులకొచ్చి ఇక్కడే ఉండిపోయిన మనవాళ్ళ చాల్‌లో, గదికో కుటుంబం ఉండే పాత భవనంలో, మూడో అంతస్తు. అమ్మా నాన్నా పొద్దున్నే బిల్డింగు పనికి వెళ్ళిపోతే నన్ను చూసుకునేది మా నాయనమ్మ. అవ్వ అని పిలిచేదాన్ని. వయసులో ఉండగా అవ్వ కూడా తట్ట మోసిన మనిషే. ఈ మరాఠీ ఊళ్ళో అన్నేళ్ళు బతికినా ఆమెకు హిందీ బేరమాడేంత వరకే వచ్చింది, మరాఠీ దారి అడిగేంత వరకే. ఆమెకు ఒక కూతురుండేదట, మా మేనత్త. నా వయసులోనే జబ్బు చేసి పోయింది. అందుకేనేమో, నేను తుమ్మినా అవ్వ చేతిలో పని ఆగిపోయేది.

నాలుగో తరగతిలో ఉండగా నాకు ఆయాసం మొదలైంది. మెట్లెక్కుతుంటే ప్రతి అంతస్తు దగ్గరా కూర్చునేదాన్ని. బడిలో బల్ల మీద తల వాల్చి నిద్రపోయేదాన్ని. ఒకరోజు పంతులమ్మ నా అరచేయి తిప్పి చూసి, ఇంత తెల్లగా ఉందేమిటి, దవాఖానాకు తీసుకెళ్ళమని చెప్పి పంపింది. మర్నాడే అవ్వ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ మంచి మనిషి. నా కంటి కింది రెప్ప లాగి చూసింది, గోళ్ళు చూసింది, రక్తం తక్కువగా ఉందని హిందీలో చెప్పింది. అది అవ్వకు అర్థమైంది. కొన్ని గోళీలిచ్చి, అవి అయిపోయాక మళ్ళీ రమ్మంది. ఆ తర్వాత ఏం పెట్టాలో మాత్రం మరాఠీలో చెప్పింది. ‘హిలా పాలేభాజీ ద్యా’ అంది. బయట జనం చాలామంది ఉన్నారు, తొందరలో ఉంది, అయినా అదే మాట మూడుసార్లు చెప్పింది. అవ్వ మూడుసార్లూ తల ఊపింది.

దవాఖానా మెట్లు దిగుతుంటే అవ్వ మొహం వెలిగిపోతోంది. “మన మొఖాలు సూసి మన మాటనే అన్నది సూడు, ఎంత మంచి తల్లి. పాలే ఇయ్యమన్నది. పాలు, భాజీ,” అంది.

ఆమెకు వినపడింది అది. మన తెలుగులో పాలే అంటే పాలే మరి. ఇక భాజీ అంటే మా చాల్‌లో ఒకటే అర్థం, పావ్ రొట్టెలోకి తినే ఆలుగడ్డ భాజీ. ఆకుకూరను మా ఇంట్లో ఎవరూ భాజీ అనరు, ఆకుకూరే అంటారు. అవ్వను తప్పుపట్టడానికి ఏముంది?

తప్పు నాది. ఎందుకంటే నాకు ఆ మాట తెలుసు. మాది తెలుగు బడే అయినా మరాఠీ ఒక పాఠంగా ఉండేది. ఆ పుస్తకంలో బుట్ట నిండా మెంతికూర, పాలకూర ఉన్న బొమ్మ, దాని కింద పాలేభాజీ అని పెద్ద అక్షరాలు. పాలేభాజీ అంటే ఆకుకూర. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. దారిలో అవ్వతో చెబుదామని నోరు తెరిచాను కూడా. ఈలోగా అవ్వ, పాలల్లో చక్కెర వేసిస్తానంది. నోరు మూసుకున్నాను. పుంటికూర, అదే గోంగూర, జొన్నరొట్టె తినీ తినీ విసిగిపోయిన పిల్లను. పక్క గదుల పిల్లలు పావ్ తింటుంటే నా చేతిలో రొట్టె దాచుకునేదాన్ని. అంత మంచి పొరపాటు వెతుక్కుంటూ వస్తే చేజేతులా వదులుకుంటానా?

మర్నాటి నుంచి నా వైభవం మొదలైంది. తెల్లవారకముందే అవ్వ పాల సెంటర్ దగ్గర లైన్లో నిలబడేది. పొద్దున ఒక గ్లాసు, బడి నుంచి రాగానే ఒక గ్లాసు, అన్నం ముందు ఒక గ్లాసు. పక్కన ఆలుగడ్డ భాజీ, పావ్. ఇంట్లో అందరికీ పుంటికూర, నాకు మాత్రం పథ్యం. చాల్ అంతా నన్ను పాలమూరు పాలపిల్ల అని ఏడిపించేది. మాకు వచ్చే పాలు అంతంత మాత్రం కాబట్టి అవ్వ చాయ్‌లో పాలు మానేసింది. నల్ల చాయ్ తాగుతూ, అదే బాగుందనేది. అది నేను నమ్మాను. పిల్లలు తమకు కావలసింది నమ్ముతారు.

గోళీలు అయిపోయాయి. పాలు పోస్తున్నాం కదా అన్న ధీమాతో అవ్వ మళ్ళీ దవాఖానా వైపు వెళ్ళలేదు. నేను మాత్రం ఇంకా డీలా పడ్డాను. పాలతో కడుపు నిండిపోయి అన్నం సహించేది కాదు. పెదాలు పాలిపోయాయి. బలపాలు మరీ ఎక్కువ తినేదాన్ని. పంతులమ్మ, ఒళ్ళు బాగయ్యేదాకా బడికి పంపవద్దని కబురు చేసింది. అవ్వ ఇంకో గ్లాసు పెంచింది. నేను తాగుతుంటే ఎదురుగా కూర్చుని నా మొహమే చూసేది. ఆ చూపులో ఆమె కూతురు ఉందని నాకు ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడు మాత్రం నాకు భయం వేసేది, నోరు ఇంకా గట్టిగా మూతపడేది. మొదటి రోజు చెప్పి ఉంటే తుంటరితనమయ్యేది. నెల గడిచాక చెబితే ఏమవుతుందో ఊహించడానికే ధైర్యం లేదు.

ఒక మధ్యాహ్నం నల్లా దగ్గర కళ్ళు తిరిగి పడిపోయాను. నన్ను ఎత్తుకుని ఇంట్లోకి తెచ్చింది పక్కింటి అక్క. ఆమె ఒక ప్రసూతి ఆసుపత్రిలో ఆయా, అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది. రక్తం లేని ఆడవాళ్ళను రోజూ చూసే మనిషి. నా కంటి రెప్ప లాగి చూసింది. మూసి ఉన్న నా గుప్పిలి తెరిస్తే అందులో కొరికిన బలపం ముక్క ఉంది. దాన్ని కాసేపు చూసి, డాక్టరమ్మ ఏం పెట్టమందని అవ్వను అడిగింది.

“పాలే భాజీ అన్నది బిడ్డా. మూడుసార్లు చెప్పింది. ఒక్కనాడు తప్పలే, నా చాయ్ పాలు సుతం దీనికే పోస్తున్న. మరి ఎందుకు పడతలేదో,” అంది అవ్వ. చాల్‌లో ఎవరితోనైనా తగువుకు దిగే మా అవ్వ ఏడవడం నేను మొదటిసారి చూశాను.

అక్క అవ్వ వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. ఆమె మరాఠీ బడిలో చదివింది. ఆ చూపులో ఆమెకు మొత్తం అర్థమైపోయిందని నాకు తెలిసిపోయింది. నేను చాప అంచు చూస్తూ కూర్చున్నాను. ఇక పరువు పోయిందనుకున్నాను. ఇంకెవరైనా అయితే పగలబడి నవ్వి, సాయంత్రానికల్లా అన్ని అంతస్తుల్లో చెప్పేసేవాళ్ళు.

అక్క నవ్వలేదు. కొంగుతో అవ్వ కళ్ళు తుడిచి, నింపాదిగా చెప్పింది. “నువ్వు మంచిగనే చేసినవ్ పెద్దమ్మా. పాల వంతు అయిపోయింది. మా ఆసుపత్రిల గిట్లనే చేస్తరు, ఒకటి అయినంక ఇంకోటి. ఇగ ఆకుకూర వంతు. పాలు పొద్దుగాల ఒక్క గ్లాస్ చాలు, తిండితోటి వద్దు. కూరల నిమ్మకాయ పిండు. చాయ్ అసలుకే ఇయ్యకు. రేపు నేనే దీన్ని మల్ల దవాఖానకు తీస్కపోత.”

ఆ మాటతో అవ్వ లేచి నిలబడింది. ఆకుకూర అంటే ఆమెకు ఒకరు చెప్పాలా? ఆ సాయంత్రమే నాగ్‌పాడా మార్కెట్ నుంచి సంచి నిండా తెచ్చింది. తోటకూర పప్పు, మెంతికూర, గంగవాయిలి కూర, పుంటికూరలో శనగపప్పు. ఏ ఆకు దేంట్లో కలపాలో, ఏ కాడ లేతదో ఆమె వేళ్ళకు తెలుసు. డాక్టరమ్మ మొదటి రోజు అడిగింది సరిగ్గా మా అవ్వకు వచ్చిన వంటే. అది ఇంట్లోనే ఉండగా దానికి నన్ను నెల రోజులు దూరం చేసింది నా నోరే.

మర్నాడు దవాఖానా నుంచి వస్తూ అక్క నన్ను అడిగింది, నీకు ఆ మాట ఎర్కనే గదా అని. తల ఊపి ఏడ్చాను. ఆమె తిట్టలేదు. “నేను పెద్దమ్మకు చెప్ప. అది నువ్వు చెప్పేది. నీ ఒంట్ల సత్తువ వచ్చినంక చెప్పు,” అంది. నా చేతిలో పల్లీల పొట్లం పెట్టింది.

సత్తువ మెల్లగా వచ్చింది. మందూ కూరా కలిసి పనిచేశాయి. ఒకరోజు మూడు అంతస్తులూ ఆగకుండా ఎక్కేశాను. ఇంకో రోజు కొత్త బలపం చేతిలోకి తీసుకుంటే నోరూరలేదు, అది ఉత్త బలపంలాగే ఉంది. పాలు మంచివేనని, కానీ పాలతోనే కడుపు నింపితే రక్తానికి కావలసిన ఇనుము అందదని, ఆకుకూర మీద పులుపు పడితే ఆ ఇనుము ఒంటికి బాగా పడుతుందని చాలా ఏళ్ళ తర్వాత చదివి తెలుసుకున్నాను. అక్క దాన్ని రెండు ముక్కల్లో చెప్పేసింది.

సత్తువ వచ్చింది గానీ నేను చెప్పలేదు. రేపు, ఎల్లుండి అనుకుంటూ గడిపేశాను. ఒక ఉదయం అవ్వ, నేను గ్యాలరీలో కూర్చుని మెంతికూర తుంచుతున్నాం. కింద గల్లీలో ఒక కూరలామె కొత్తగా వచ్చి కేక వేసింది. పాలేభాజీ, తాజీ పాలేభాజీ అని. అవ్వ చేయి ఆగింది. లేచి కటకటాల మీంచి వంగి ఆ ఆకుకూరల బుట్టలోకి చూసింది. చాలాసేపు చూసింది. తిరిగొచ్చి నా ఎదురుగా కూర్చుని ఏమీ అడగలేదు. అడగకపోవడమే భరించలేక నేను మొత్తం చెప్పేశాను, పుస్తకంలో బొమ్మతో సహా.

దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను. పడలేదు. కళ్ళు తెరిస్తే అవ్వ ఒళ్ళో ఆకు వైపు చూస్తోంది.

“నాకు రాదనే గదా బిడ్డా, నిన్ను బడికి తోలింది,” అంది.

అంతే. మళ్ళీ ఆకు తుంచడం మొదలుపెట్టింది. ఆ మాటకు బదులు రెండు దెబ్బలు కొట్టినా బాగుండేదని నాకు ఈ వయసులో కూడా అనిపిస్తుంది. అవ్వ పోయి ఎన్నో ఏళ్ళయింది. బతికినన్నాళ్ళూ ఆమె ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. పక్కింటి అక్క కూడా నన్ను దాని గురించి మళ్ళీ అడగలేదు.

నేనిప్పటికీ ఆ పక్క గల్లీలోనే ఉంటున్నాను. పాలమూరు నుంచి పనులకు వచ్చే ఆడవాళ్ళు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు. దవాఖానాకు తోడు కావాలంటే నన్ను పిలుస్తారు. పోయిన నెల కడుపుతో ఉన్న ఒక అమ్మాయితో వెళ్ళాను. ఆమెకు ఎనిమిదేళ్ళ కూతురుంది, మరాఠీ బడి. డాక్టర్ గబగబా ఏవేవో చెబుతుంటే తల్లి నవ్వుతూ అన్నిటికీ తల ఊపింది, అచ్చం మా అవ్వలాగే. పిల్ల ఫోన్‌లో మునిగి ఉంది, కానీ చెవులు ఇటే ఉన్నాయి. ఇలాంటప్పుడు నేనే తెలుగులో చెప్పేస్తే నిమిషం పని. చెప్పను. బయట బెంచీ మీద కూర్చుని, ఫోన్ పక్కన పెట్టించి, డాక్టర్ ఏమందో మీ అమ్మకు నువ్వే చెప్పు అంటాను. పిల్లకు తెలుగు మాటలు దొరకవు, తడుముకుంటుంది, సిగ్గుపడుతుంది, తల్లి పోనీయమంటుంది. ఇంట్లో పని ఉన్నా, ఎండ ముదురుతున్నా, ఆ పిల్ల చెప్పి, తల్లికి అర్థమై, తిరిగి తన మాటల్లో నాకు చెప్పేదాకా నేను ఆ బెంచీ మీంచి లేవను.