సగంలో ఆగిన పద్యం

ఆదివారం ఆరాధనలో వాక్యం చదవడానికి లేచి మైకు మీట నొక్కగానే అది ఒక్క క్షణం బరబరమంటుంది. ఆ చప్పుడుకు ఖదీర్ సార్ గుర్తొస్తారు. ఫోన్‌లో ఆయన మాట వినిపించే ముందు అచ్చం అలాంటి బరబరే వచ్చేది. తర్వాత చిన్న దగ్గు, మెల్లగా ‘బిస్మిల్లా’, ఆపైన పద్యం.

సార్ నాగర్‌కర్నూల్‌లో తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యారు. కరోనాకు బడులు మూతపడినప్పుడు, పాత పద్యనాటకాలూ కావ్యాలూ కలిసి చదువుకుందామని వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టారు. గద్వాలలో చీరలు నేసే శంకరన్న, వనపర్తిలో బస్సు కండక్టరు పద్మక్క, వడ్డేపల్లిలో ట్యూషన్లు చెప్పుకునే నేను, ఇంకా కొందరం ఆదివారం సాయంత్రాలు ఫోన్లు పట్టుకుని కూర్చునేవాళ్ళం. ఎవరి ముఖమూ ఎవరికీ తెలియదు. సార్ కెమెరా పెట్టనిచ్చేవారు కాదు. “మొకం జూస్తే పద్యం ఇనరు” అనేవారు.

ఏ పాత్ర ఎవరికి ముల్లులా గుచ్చుకుంటుందో ఆ పాత్ర వారికే ఇవ్వడం ఆయన పద్ధతి. చదువుతూ ఎవరి గొంతైనా ఆగిపోతే, ఇంకొకరు ఆగిన మాట దగ్గరే అందుకుని ముగించాలి. “ఏడ్పును సగంల ఇడిసిపెట్టొద్దు. సగం ఏడ్పు నింద లెక్క ఇనిపిస్తది” అనేవారు.

పుట్టినప్పటి నుంచి క్రైస్తవ సంఘంలో పెరిగిన నాకు ఆయన ఇచ్చిన పాత్ర, కరువులో కొడుకును పోగొట్టుకుని దేవుడే లేడని అరిచే తండ్రిది.

“సార్, ప్రార్థన చేసే నోటితోని ఈ మాటలెట్ల అంట? వేరేటోళ్ళకు ఇయ్యుండ్రి.”

“నేను ఐదు పూటలు నమాజు చేసేటోణ్ణి బిడ్డా. మొన్నటి నాటకంల పూజారి మాటలు నేనే చదివిన. ఆయన భక్తిని తక్కువ జేసి చదివితె నా భక్తి పెరుగుతదా?”

పద్మక్క నవ్వింది. “నాకు దొంగ వేషం ఇచ్చిండు సువార్తా. టికెట్లు గొట్టే చెయ్యి నాది. నేనెవలకు చెప్పుకోవాలె?”

శనివారం పొద్దున సాధన చేస్తూ, ఎలా ఉందో చెప్పమని మొదటి సగం వాయిస్ మెసేజ్ పెట్టాను. తొందరలో అది మా గ్రూపుకు కాక సంఘం వాళ్ళ ప్రార్థన గ్రూపుకు వెళ్ళింది. జ్వరాల కోసం, పిల్లల పరీక్షల కోసం పెట్టిన విన్నపాల మధ్యన నా కేక: “లేడు, లేడు! ఉంటే నా బిడ్డ ఆకలి వినడా?” నేను చూసుకుని చెరిపేసేసరికే చాలామంది విన్నారు. “అక్కా, దయ్యం గిట్ల పట్టిందా ఏంది?” అని ఒకామె ఫోన్ కూడా చేసింది.

మధ్యాహ్నానికల్లా సంఘ పెద్దలు మందిరానికి పిలిపించారు. అందరిలోకీ కఠినుడు దేవదానం పెద్దయ్య. ఆయన కొడుకు బొంబాయికి మేస్త్రీ పనికి పోయి, కడుతున్న ఇంటిపై నుంచి పడి చనిపోయాడు. ఆ రోజు నుంచీ పెద్దయ్య ‘దేవుని చిత్తం’ అన్నాడే గాని కంటతడి పెట్టలేదు.

గుమ్మం బయట నిలబడి సార్‌కు ఫోన్ చేశాను. “సార్, నాటకమని మీరు జర చెప్పుండ్రి.”

“నేను చెప్తె కొట్లాటైతది బిడ్డా. నువ్వు చదువు. మొత్తం చదువు. నేను లైన్ల ఉంట.”

స్పీకర్ పెట్టి, ఫోన్ చేతిలో పట్టుకుని లోపలికి వెళ్ళాను.

“రేపటి సంది వాక్యం వేరేటోళ్ళు చదువుతరు. గా నోరు ఈ బల్లకాడికి రావద్దు” అన్నాడు పెద్దయ్య.

చిన్నప్పటి నుంచీ ఆ బల్ల దగ్గర చదివినదాన్ని. అది పోతే దేవుని ముందు ఎలా నిలబడాలో నాకు తెలియదు. “పెద్దయ్యా, మీరు సగమే ఇన్నరు. మిగిలింది ఇనుండ్రి. తర్వాత మీ ఇష్టం.”

“ఇంకెంత దూషణ ఉన్నదమ్మా?”

పాస్టరయ్య చెయ్యెత్తి ఆయనను ఆపారు. నేను మొదటి నుంచి చదివాను. అరిచి అరిచి ఆ తండ్రి చివరికి తనను తానే అడుగుతాడు: “లేనివానితో నేనెందుకు పోట్లాడుతున్నాను?” అంతవరకే చదవగలిగాను. ఎదురుగా పెద్దయ్య దవడ బిగుసుకుపోయింది.

చేతిలో ఫోన్ బరబరమంది. ఆగిన మాట దగ్గరే సార్ అందుకున్నారు. జవాబు చెప్పేదాకా నీ గడప దిగనని ఆ తండ్రి దేవునితో అనే పద్యం దాకా, తొందరపడకుండా చదివి ముగించారు. దేవదానం పెద్దయ్య లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వెళ్ళిపోయాడు. తీర్పు ఎవరూ చెప్పలేదు.

మర్నాడు నేను చివరి వరుసలో కూర్చున్నాను. వాక్యం వేళకు ఎవరూ లేవలేదు. పెద్దయ్య గ్రంథం తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. బిడ్డలు పోయిన తల్లుల విలాపం దగ్గర ఆయన వేలు ఉంది. “ఇది చదువు” అన్నాడు. పోయిన ఆయన కొడుకు గుర్తొచ్చి నేను సగం కూడా చదవలేకపోయాను. ఆగిన మాట దగ్గర అందుకున్నది ఆయనే. ఏడుస్తూనే చివరిదాకా చదివాడు.

ఆ సాయంత్రం ఫోన్‌లో ఇదంతా చెబితే సార్ “పెద్దయ్యకు నా సలాం చెప్పు” అన్నారు అంతే.

సార్ పోయినప్పుడు ఆయన వాకిట్లో మేమంతా మొదటిసారి కలిశాం. గొంతు విని ఒకరినొకరం గుర్తుపట్టాం. ఇప్పుడు చావు జరిగిన ఇళ్ళకు ప్రార్థనకు వెళితే ‘ఊరుకోండి’ అనడం మానేశాను. దేవుణ్ణి తిట్టినా వింటాను. వాళ్ళ గొంతు ఆగిపోయినప్పుడు చెయ్యి పట్టుకుని, ఆ ఆగిన మాటతోనే ప్రార్థన మొదలుపెడతాను.